గవరయ్య మావ పడవా, నా ఎం.ఎఫ్.ఏ. పట్టా

మొదలుపెట్టేనాటికి నా చేతిలో ఉన్నవి చెప్తాను. పోర్ట్ బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ చేపల జెట్టీకి దిగే దారిలో ఒక కొట్టు. అందులో పడవలకు వేసే రంగులు, తాళ్లు, మేకులు, ఫైబర్ పనికి జిగురులా పోసే రెజిన్ డబ్బాలు, గాజుపోగుల మ్యాట్ చుట్టలు. ఆ కొట్టును నాకంటే బాగా నడపగల భార్య పద్మిని. కుర్రతనంలో విశాఖలో శిల్పం చదివి తెచ్చుకున్న బి.ఎఫ్.ఏ. సర్టిఫికెట్టు. నలభైకి దగ్గరపడిన వయసు. ఊరి పేరు ఇప్పుడు కాగితాల మీద శ్రీ విజయపురం అయింది గానీ మా నోళ్లలో ఇంకా పోర్ట్ బ్లెయిరే.

చేతిలో లేనిదీ చెప్పాలి, లెక్కంటే రెండు వైపులూ ఉంటుంది. చదువు అయిన ఏడాదే నాన్నకు పక్షవాతం వచ్చి కొట్టు నా మీద పడింది. అప్పటినుంచి జంగ్లీఘాట్‌లో తేలే పడవల్లో సగానికి రంగు నా దగ్గరనుంచే వెళ్లింది. నాకోసం మాత్రం చెంచాడు రంగు కలుపుకోలేదు. పిడికెడు మట్టి పిసకలేదు. ఊరందరికీ బియ్యం కొలిచి పోసి తన ఇంట్లో పొయ్యి వెలిగించని కోమటిలా ఉండేది నా బతుకు.

ఎం.ఎఫ్.ఏ. చేస్తానని చెప్పినప్పుడు పద్మిని మేకులు తూస్తోంది. తలెత్తలేదు.

"ఎందుకు?" అంది.

"పి.జి. ఉంటే లెక్చరర్ పోస్టుకి అప్లై చెయ్యొచ్చు."

"అది ఊళ్లోవాళ్లకి చెప్పండి. నాకు అసలు సంగతి చెప్పండి."

"చెయ్యకపోతే చచ్చిపోను. చెయ్యకుండానే చచ్చిపోతానేమో అని ఉంది."

ఆమె మేకులు పొట్లం కట్టి, కొన్నవాడి చేతిలో పెట్టి, వాడు వెళ్లేదాకా ఆగింది. తర్వాత అంది: "ఠీక్ హై. రెండేళ్లు కొట్టు నేను చూస్తాను. ఆ తర్వాత డిగ్లీపూర్‌లో రెండో కొట్టు పెడతాను. అక్కడ అన్ని పడవలున్నాయి, ఒక్క రెజిన్ డబ్బా కావాలంటే రోజంతా బస్సులో కూచుని ఇక్కడికి రావాలి వాళ్లు. నేను అటు వెళ్లే రోజుకి మీరు ఈ కుర్చీలో ఉండాలి. మూడో ఏడు అనే మాట రాకూడదు."

"రాదు."

"వస్తే?"

"వస్తే చదువు వదిలేసి కుర్చీలో కూచుంటాను. పట్టా లేకపోయినా సరే."

వ్యాపారస్తుడు మాట ఇచ్చేముందు ఆలోచిస్తాడు, ఇచ్చాక ఆలోచించడు. అలా మెయిన్‌ల్యాండ్ ఓడ ఎక్కాను.

విశాఖ కాలేజీలో నా తోటివాళ్లు నన్ను మొదటివారం సారూ అన్నారు. రెండోవారంనుంచి అన్నా అన్నారు. రెజిన్ ఎంత వేడికి ఎంతసేపట్లో గట్టిపడుతుందో, ఏ డబ్బాలో కల్తీ ఉందో వాసన చూసి చెప్పేవాణ్ణి కాబట్టి నా చుట్టూ ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవారు. చేతిపనిలో నాకు లోటు రాలేదు. లోటు వచ్చింది ఇంకోచోట. మా గైడు లక్ష్మీకుమారి మేడమ్. పొట్టిగా, ఎప్పుడూ మట్టి అంటిన చీర కొంగుతో ఉండేది. నేను చేసినవన్నీ ఒకరోజు వరసగా పెట్టించి, చుట్టూ తిరిగి, ఒక్కమాట అంది.

"తిరుమలరావుగారూ, మీ బొమ్మలన్నీ షెల్ఫులో సరుకులా నిలబడ్డాయి. ఎవరో వచ్చి కొనేస్తారని ఎదురుచూస్తున్నట్టు."

కోపం వచ్చింది. నిజం కాబట్టి వచ్చింది. ఆ రాత్రి హాస్టల్లో పడుకుని, అమ్మడానికి లేని వస్తువు ఏది చూశానా నా జన్మలో అని వెతుక్కుంటే గవరయ్య మావ పడవ గుర్తొచ్చింది.

గవరయ్య మా అమ్మకు తమ్ముడు. ఆయన డోంగీ, అంటే చిన్న చెక్క పడవ, జంగ్లీఘాట్‌లో అన్నిటికంటే పాతది. పలక పోతే పలక వేసి, సందు పడితే తారు పూసి, దాన్ని ఎన్నిసార్లు బాగుచేశారో ఆయనకే తెలీదు. రంగు గీకితే ఆ అతుకులన్నీ కనిపిస్తాయి. ఆ అడుగు మొత్తానికి ఫైబర్‌తో, అంటే మ్యాట్ పరిచి రెజిన్ పోసి, అచ్చు తీస్తే, మనిషి ఒంటిమీది మచ్చల్లాగా ప్రతి అతుకూ, ప్రతి మేకు తలా, చెక్క ఈనె కూడా దిగుతుంది. ఆ అచ్చే నా ఆఖరి సెమిస్టరు పని. మేడమ్‌కి చెప్తే "వెళ్లి మీ ఊళ్లోనే చెయ్యండి. పరీక్షకులొచ్చే జ్యూరీ రోజుకి ఇక్కడ ఉండాలి, మీరూ, ఆ అచ్చూ," అంది.

అక్కడికి లెక్క సరిగ్గానే ఉంది. వానలు పట్టకముందు పడవని ఒడ్డుకి లాగి బోర్లించి గీకడం మావయ్య ఏటా చేసేదే. విశాఖ వెళ్లే ఓడ నెలకోసారి వస్తుంది. దానికి రెండు వారాలకు పైగా టైముంది.

"నా పడవని కాలేజీకి అట్టుకుపోతావేట్రా?" అన్నాడు మావయ్య.

"పడవ కాదు మావయ్యా, దాని అచ్చు. నీ పడవ నీ దగ్గరే ఉంటాది."

"మరి దానికి నొప్పెట్టదు గదా?"

"పైన తొడుగు వేసి తీసేస్తాం, అంతే. అరటిపండు తొక్క లాగ ఊడొస్తాది."

ఆ ఊడిరావడానికే అసలు తంతు ఉంది. చెక్కను గీకి ఆరబెట్టాలి. పల్చటి రెజిన్ పూసి రంధ్రాలు మూయాలి. అది ఆరాక మైనం రాసి గుడ్డతో రుద్దాలి, మళ్లీ రాయాలి, మళ్లీ రుద్దాలి. ఆ మైనం పొర ఉంటేనే పైన వేసిన ఫైబర్ అంటుకోకుండా విడుస్తుంది. మైనం లేకపోతే ఫైబర్ విడవదు. చెక్కలో చెక్కయి కూచుంటుంది.

అన్నీ నా చేత్తోనే చేశాను. చివరి మైనం రాసి, పొద్దున్నే ఫైబర్ వేస్తానని చెప్పి ఇంటికెళ్లాను. పొద్దున్న వచ్చేసరికి పడవ అడుగు తళతళ మెరుస్తోంది. ముక్కు దగ్గర పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టి ఉంది. పక్కన కొబ్బరి చిప్పలు. యర్రమ్మత్త, మావయ్య భార్య, చేతులు కడుక్కుంటూ నవ్వింది.

"మంచి పనికి మొదలెడతన్నావు గదా, బొట్టెట్టినాను."

పడవ మీద ఏ కొత్త పని మొదలుపెట్టినా మావాళ్లు అలా చెయ్యడం నాకు తెలుసు. బొట్టు ఉన్నచోట వదిలేసి మిగతాది చేసుకోవచ్చనుకున్నాను. పడమటివైపు మబ్బు కమ్ముతోంది. లాయిడ్ అప్పటికే రెజిన్ కలుపుతున్నాడు. లాయిడ్‌ది తుష్నాబాద్. రోజూ మొదటి బస్సుకి వచ్చి జెట్టీలో ఇంజన్లు బాగుచేస్తాడు. నోరు ఊరుకోదు గానీ చెయ్యి అంతకంటే ఊరుకోదు. ఇద్దరం కలిసి మధ్యాహ్నానికి మ్యాట్ మొత్తం పరిచాం. చినుకు పడేసరికి టార్పాలిన్ కప్పేశాం.

మర్నాడు తొడుగు విప్పడానికి కూచున్నాం. అంచుకింద చెక్క చీలికలు దూర్చాం. దిగలేదు. నీళ్లు పోశాం. ఇంకిపోవడానికి సందే లేదు. లాయిడ్ చెవి ఆనించి వేళ్లతో కొట్టి చూశాడు. విడిచిన ఫైబర్ డొల్లగా మోగుతుంది. ఇది రాయిలా మోగింది.

"భయ్యా," అన్నాడు లాయిడ్, "నీ అరటిపండు తొక్క... ఇది పనసపండులా ఉంది."

"మైనం రాశాను కదా! మూడు పూటలా రాశాను!"

అప్పుడు అత్త అంది, అమాయకంగా. "ఆ తెల్లటి జిడ్డేనా? అది నేను కడిగీసేను గదా."

ఆమే చెప్పుకుపోయింది. "నిన్న పొద్దున్నే సూస్తే ఒంటినిండా జిడ్డు. పెళ్లికూతురికి నీళ్లొయ్యకుండా పీటలమీద కూకోబెడతారేటి? కిరసనాయిలు గుడ్డతో తుడిసి, సర్ఫు నీళ్లతో కడిగి, పొడిగుడ్డెట్టి ఒత్తి, అప్పుడే బొట్టెట్టినాను." మా ముఖాలు చూసి ఆగింది. "ఏటైంది?"

మావయ్యకి ముందు అర్థమైంది. పడవ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆయనది అదొక్కటే పడవ.

లాయిడ్ ఫైబర్ కోసే గ్రైండర్ తెచ్చి పక్కన పెట్టాడు. పెట్టి, "చెప్పు భయ్యా, ఎటు కొయ్యమంటావ్?" అన్నాడు. ఈసారి వేళాకోళం లేదు. పైనుంచి ఫైబర్ కోస్తే అచ్చు ముక్కలు ముక్కలై పోతుంది, పడవ మిగులుతుంది. లోపలినుంచి పలకలు విరగ్గొట్టి లాగేస్తే పడవ పోతుంది, అచ్చు మిగులుతుంది. పలకలు లోపల అంటుకుని ఉన్నా గీకి తీసుకోవచ్చు.

యర్రమ్మత్త చీర కొంగు నడుముకు దోపుకుంది. "పలకలే ఇరగ్గొట్టు. నా సేతుల్తో సెడగొట్టినాను. ఆడి సదువు పోకూడదు."

"నువ్వు ఊరుకోయే," అన్నాడు మావయ్య. కానీ వద్దని నాతో అనలేదు. అదే నాకు కష్టమైంది. వద్దంటే నా పని తేలికయ్యేది.

సిగ్గుపడకుండా చెప్తాను, అప్పుడు కొలిచి చూశాను. ఇటు ముసలి పడవ, ఎలాగూ నాలుగేళ్లలో మూలపడేది. అటు నా రెండేళ్లు. ఆ పడవకి బదులు ఇంకో పాత పడవ ఇప్పించగలను. చదువు పక్షం బరువుగానే తూగింది. జేబులోంచి ఫోను తీసి మేడమ్‌కి చేశాను.

"ఇంకో ఏడాది తీసుకోండి, యూనివర్సిటీకి నేను రాస్తాను," అంది ఆవిడ.

పద్మినికి చేశాను. మొత్తం విని, "ఇంకో ఏడాది అడుగుతున్నారా?" అంది.

"అడగటం లేదు. సంగతి చెప్తున్నాను."

"మరైతే సంగతి విన్నాను." ఆ వెంటనే, "మీరు ఆ పడవని మాత్రం విరగ్గొట్టకండి. విరగ్గొడితే జెట్టీలో మన కొట్టు మెట్టు ఎవరూ ఎక్కరు. నేనూ ఎక్కను," అంది. ఫోను పెట్టేసింది.

పడవ చుట్టూ తిరిగాను. ఎంతసేపు తిరిగానో తెలీదు. కొట్టులో అలవాటు ఒకటి ఉంది నాకు. తప్పుగా వచ్చిన సరుకుని వెనక్కి పంపే ముందు, ఇది ఎవరికైనా సరైన సరుకేమో చూస్తాను. ఓడలో రావడానికి నెల, వెనక్కి పోవడానికి నెల, ఇక్కడ అలా చూడకపోతే బతకలేం. అలా చూస్తుంటే నవ్వొచ్చింది.

"ఏట్రా, పిచ్చెక్కిందా?" అన్నాడు మావయ్య.

"మావయ్యా, పడవకి ఫైబర్ కోటు వేయించాలని ఎప్పటినుంచి అనుకుంటన్నావు?"

"దాని మొకం. మీ నాన్న ఉన్నకాడినుంచి."

"అయిపోయింది. ఇదే అది."

మావయ్య నన్ను, పడవని మార్చి మార్చి చూశాడు. చెక్కని గీకాం, ఆరబెట్టాం, రంధ్రాలు మూశాం, జిడ్డు లేకుండా కడిగాం, పైన ఫైబర్ వేశాం. పాత పడవకి కోటు వెయ్యడానికి కొట్టుకొచ్చినవాడికి నేను చెప్పే పద్ధతి అక్షరం తప్పకుండా ఇదే. నా అచ్చు పోయిందిగానీ మావయ్య పడవకి నీళ్లు కారని తొడుగు వచ్చింది.

"అయితే నేను కడిగింది మంచిదే అయింది," అంది అత్త, ఇంకా నమ్మకం కుదరక.

"మంచిదే అత్తా, మావయ్యకి. నాకు మాత్రం కాదు."

"మరి నీ సదువు?"

అదే మిగిలింది. లాయిడ్ గ్రైండర్ పక్కన కూచుని బీడీ వెలిగించి, "ఇప్పుడు పైన ఫైబర్ ఉంది కదా భయ్యా. ఫైబర్ మీద మైనం రాస్తే ఇంకో తొడుగు రాదా? ఈసారి యర్రమ్మ దీదీని ఇంట్లో పెట్టి తాళం వేద్దాం," అన్నాడు.

వస్తుంది. నేనూ అదే అనుకుంటున్నాను. కానీ మ్యాట్ పైవైపు కొబ్బరిపీచులా గరుగ్గా ఉంటుంది. దానిమీద వేస్తే ఎంత మైనం ఉన్నా పట్టేస్తుంది. అద్దంలా అరగదీయాలి. అంత పడవని ఇద్దరం అరగదీయాలంటే ఓడ వెళ్లిపోతుంది. పైగా ఎంత అరగదీసినా లోపలి చెక్క గుర్తులు రావు. మేడమ్‌కి నేను మాట ఇచ్చిన అతుకులూ, మేకు తలలూ, అన్నీ ఫైబర్ కింద శాశ్వతంగా కప్పబడిపోయాయి. ఇంకో సరుకు రాబోతోంది. అది ఏమిటో నాకే తెలీదు. అయినా చేతిలో ఏదో ఒకటి లేకుండా బేరానికి వెళ్లలేను.

మనుషులు కావాలి. మనుషుల్ని తేవడం నాకు వచ్చిన పని. సాయంత్రం వలలు ఆరేసే చోట నిలబడి గట్టిగా చెప్పాను: గవరయ్య పడవకి ఫైబర్ కోటు పడింది, ఎలా వేస్తారో, ఎక్కడ తప్పుతుందో చూడాలనుకున్నవాడు రేపు వచ్చి నాతో కూచుని అరగదీయొచ్చు, పని నేర్చుకున్నవాడు తన పడవకి తనే వేసుకోవచ్చు, కూలీ ఎవరికీ ఇవ్వక్కర్లేదు.

"సరుకు మాత్రం నీ దగ్గరే కొనాల," అని అరిచాడు దానయ్య, మావయ్య పక్క పడవ ఆయన.

"మరి నేను తినొద్దా బాబాయ్?"

నవ్వారు. నవ్వినవాళ్లు వస్తారు, అది అనుభవం. పొద్దున్నకి పదిమందికి పైగా వచ్చారు. చేతులకి కొబ్బరినూనె పట్టించుకుని, ముఖాలకి తువ్వాళ్లు కట్టుకుని, గరుకు కాగితం చెక్కలకు చుట్టి రుద్దడం మొదలుపెట్టారు. ఫైబర్ ధూళి ఒంటికి తగిలితే దురదగుంటాకే. తెలుగు, హిందీ, బెంగాలీ కలిపి తిట్టుకుంటూ రుద్దారు. ఒకడు గుండ్రంగా రుద్దుతాడు, ఇంకొకడు నిలువుగా. దానయ్య ఎడమచేతివాటం, ఆయన గీతలు అందరికీ అడ్డంగా పోతాయి. నేను మొదట, అందరూ ఒకేలా రుద్దండి బాబూ అని అరిచాను. తర్వాత ఆ గీతల మీద ఏటవాలుగా ఎండ పడింది. నోరు మూసుకున్నాను.

గరుకు పోయింది, గీతలు ఉన్నాయి. ఎవరు ఎక్కడ కూచున్నారో, ఎవరికి ఓపిక ఎక్కడ తగ్గిందో, ఎవరు పక్కవాడితో మాట్లాడుతూ ఒకేచోట ఎక్కువసేపు రుద్దారో, అంతా పడవ మీద ఉంది. అది సన్నగా ఉంది. మామూలుగా చూస్తే కనపడదు, అచ్చు తీస్తే దిగుతుంది. దాన్ని అలాగే ఉంచెయ్యమన్నాను.

"నున్నగా సెయ్యకుండా వదిలేస్తావేట్రా?" అన్నాడు దానయ్య. "కాలేజీవోళ్లు నన్ను పనిదొంగ అనుకోరూ?"

మైనం మాత్రం అత్త చేత రాయించాను. ఆమె ముందు రానంది, ఆ జిడ్డు జోలికి రానని దణ్ణం పెట్టింది. "అత్తా, పెళ్లికూతురికి స్నానం అయిపోయింది. ఇది తలకి రాసే నూనె," అన్నాను. "అయితే నువ్వు ఉల్టా సెప్పేవు, నూనె ముందు రాస్తారు," అంటూనే గుడ్డ లాక్కుంది. ఆమె రాస్తే మూల మిగలదు. రాత్రి కాపలాకి లాయిడ్, బస్సు మానుకుని, అక్కడే పడుకున్నాడు. "దీదీ కలలో కడిగేస్తే నాది పూచీ లేదు," అన్నాడు.

రెండో తొడుగు వేసి, ఆరాక చీలికలు దూర్చాం. మొదటి చీలిక దిగింది. రెండోది దిగింది. సందులో నీళ్లు పోస్తే లోపలికి గుటకవేసినట్టు జారిపోయాయి. తోక వైపునుంచి ముక్కుదాకా ఒక పెద్ద పెళపెళ శబ్దం నడిచి వెళ్లింది. తొడుగు పైకి లేచింది. నలుగురం తలో చెయ్యి వేసి ఎత్తి పక్కన పెట్టాం. అంత పడవ ఆకారమూ నలుగురు మనుషులకే లేచింది. లోపలికి వంగి చూశాను. గీతలన్నీ దిగాయి.

ఓడ సరుకు కౌంటరు దగ్గర ఇంకో చిక్కు. గుమస్తా హిందీలో అడిగాడు, "బోట్ కా రిజిస్ట్రేషన్ నంబర్?"

"బోటు కాదు సార్. మూర్తి హై. కాలేజీకి."

"నలుగురు కూచుని పోవచ్చు, ఇది మూర్తా?"

"తేలదు సార్."

"ఎందుకు తేలదు? తేలేలాగే ఉంది." ఆయన మాటలో తప్పులేదు. వెనక వరసలో ఉన్నవాళ్లు కేకలేస్తున్నారు. నేను నాతో వచ్చిన లాయిడ్ సంచీలోంచి డ్రిల్లు అడిగి తీసుకుని, గుమస్తా కళ్లముందే అడుగున నడిమధ్య పిడికిలంత వెడల్పు కంత కోశాను.

"ఇప్పుడు?"

ఆయన నన్ను చాలాసేపు చూశాడు. "పాగల్," అని ముద్ర కొట్టాడు.

జ్యూరీ రోజు హాల్లో దాన్ని బోర్లాగా, మనిషి తలకి కాస్త పైన, తాళ్లతో వేలాడదీశాను. చూడాలంటే కిందికి రావాలి. పక్కలనుంచి దీపాలు ఏటవాలుగా వేశాను. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు పెద్దాయన. నా ప్రపోజల్ కాగితం చేతిలో పెట్టుకుని కిందికొచ్చి పైకి చూశాడు.

"చెక్క వయసు చూపిస్తానని రాశారు. చెక్క ఏది?"

"అది పడవ దగ్గరే ఉండిపోయింది సార్. మొదటి అచ్చు ఊడిరాలేదు."

"ఎందుకు?"

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అత్త కడగడం చెప్పినప్పుడు పక్కనున్న మాస్టార్లు నవ్వారు. ఆయన నవ్వలేదు.

"అంటే మీరు అనుకున్న పని ఫెయిలయింది. దొరికినదాన్ని తెచ్చారు."

"అవును సార్."

"ఇది దేని అచ్చు మరి?"

ఈ ప్రశ్నకి ఓడలో వస్తూ మంచి జవాబు తయారుచేసుకున్నాను. అది వదిలేసి వేలు పెట్టి చూపించాను. "ఇక్కడ దానయ్య బాబాయి. ఎడమచెయ్యి. ఇక్కడ లాయిడ్, చెయ్యి ఊరుకోదు, అందుకే లోతు. ఇక్కడ మావయ్య. చూడండి, ఆయన గట్టిగా రుద్దలేదు, తన పడవ కదా. ఇది వాళ్లు ఆ రోజు చేసిన పని సార్. పడవ మీద అది ఇప్పుడు లేదు, పైన రంగు పడిపోయింది. ఇక్కడొక్కచోటే ఉంది."

"ఈ కంత?"

"అది సరుకు కౌంటరు గుమస్తాది."

అప్పుడు నవ్వాడు. నవ్వి, కింద ఇంకాసేపు ఉండి, ఒక చెయ్యి ఎత్తి గీతల మీద నెమ్మదిగా జరిపాడు. "ప్రపోజల్‌కి మార్కులు ఇవ్వలేను," అన్నాడు. "దీనికి ఇస్తాను."

ఫస్టు క్లాసు రాలేదు. సెకండు క్లాసులో పాసయ్యాను. లక్ష్మీకుమారి మేడమ్ అందరూ వెళ్లాక ఒక్కతే కింద నిలబడి పైకి చూసింది. "ఇది ఎవరూ కొనరు," అంది. ఆవిడ నన్ను అంతకంటే పొగిడిన రోజు లేదు.

పద్మినికి ఫోను చేశాను. "అయింది," అన్నాను.

"అయిందా? అయితే ఓడెక్కండి. ఇక్కడ మీ పదిమందిలో ఆరుగురు రెజిన్ పట్టుకుపోయారు. ఒకడు రెజిన్ గట్టిపడ్డానికి హార్డెనర్ ఎక్కువ పోసి పడవ మీద పొగ తెప్పించాడు. వచ్చి చూడండి."

ఆమె డిగ్లీపూర్ బస్సెక్కే రోజుకి నేను కుర్చీలో ఉన్నాను. బస్సు కదిలేముందు కిటికీలోంచి కొత్త బేరం పెట్టింది. ఆమె వారంలో సగం అక్కడ ఉంటుంది. ఇక్కడి కొట్టు నాది. కొట్టు వెనక డబ్బాలు పెట్టే పాక ఖాళీ చేయించింది, అది నాకు. అందులో వాడే సరుకు మాత్రం కొట్టునుంచే కొనాలి, బయటివాళ్లకి ఇచ్చే ధరకే.

"సొంత మొగుడికి కూడానా?"

"చదువుకున్న మొగుడు కదా. భరిస్తాడు."

ఇప్పటికి తేలిన లెక్క ఇది. పోయినవి ముందు చెప్తాను. మావయ్య పడవ అతుకులు ఇక ఎవరూ చూడలేరు, నేనే కప్పేశాను. లెక్చరర్ పోస్టుకి దరఖాస్తు పెట్టాను, జవాబు రాలేదు, వస్తుందన్న నమ్మకంతో ఏదీ ఆపుకోలేదు. పద్మిని లేని రోజుల్లో ఇల్లు డొల్లగా ఉంటుంది.

వచ్చినవి. మావయ్య పడవ ఈ వానాకాలం ఒక్క చుక్క నీరు పీల్చలేదు. యర్రమ్మత్త దాన్ని చూసి పోయే ప్రతివాడికీ ఆ కోటు తనవల్లే వచ్చిందని చెప్తోంది, కాదనడానికి నాకు ఆధారం లేదు. నా పేరు పక్కన రాసుకోవడానికి మూడు అక్షరాలు వచ్చాయి, గానీ వాటిని బోర్డు మీద రాయించలేదు, రంగు ఖర్చవుతుంది. డిగ్లీపూర్‌లో రెండో కొట్టు తెరుచుకుంది. వెనక ఒక పాక ఉంది. పొద్దున్న కొట్టు తెరిచేదాకా నేను అందులో ఉంటాను. నిన్న మట్టితో ఒకటి మొదలుపెట్టాను. ఏమవుతుందో ఇంకా తెలీదు. దానయ్య తలుపులోంచి తొంగిచూసి, "ఎవరిదిరా ఆర్డరు?" అన్నాడు.

"ఎవరిదీ కాదు బాబాయ్, నాదే," అన్నాను.